బోధిచెట్టు కింద వదిలేసిన రాహుకాలం

వాదించడానికి మనిషి దొరికితే చాలు, అన్నం వేళ కూడా గుర్తుకురాని వయసు ఒకటి ఉంటుంది. నా విషయంలో ఆ వయసు మామూలుకంటే ఎక్కువకాలం నిలిచింది. అప్పట్లో నేను తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాడిని. సాయంత్రమైతే కొందరు మిత్రులం కలిసి ఒక చిన్న హాలులో చర్చాసభలు పెట్టేవాళ్లం. సభకు వచ్చినవాళ్లలో సగం మంది వక్తలు, మిగిలిన సగం మంది ఫ్యాను గాలికి వచ్చినవాళ్లు. అయినా లోకంలోని మూఢనమ్మకాలన్నీ మా తీర్మానాలు విని పారిపోవడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాయన్నంత ఆవేశంగా మాట్లాడేవాళ్లం. "కల్యాణకట్ట ముందర కూసోని దువ్వెనలు అమ్మినట్టుండాది రా నీ యవ్వారం" అనేవాడు మా నాయన. (గుండు చేయించుకున్నవాడికి కూడా నెల తిరిగేసరికి దువ్వెన కావలసిందేనని నేను జవాబు చెప్పేవాడిని. అప్పట్లో నా దగ్గర జవాబు లేని మాట ఉండేది కాదు. అదే నా జబ్బు.)

అలాంటి రోజుల్లో మా చర్చాసభకు ఒక అమ్మాయి వచ్చింది. నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పని. నేను గంటసేపు మాట్లాడాక లేచి, "మీరు చెప్పినవాటిలో మీరు సొంతంగా పరీక్ష చేసి చూసింది ఏదైనా ఉందా?" అని అడిగింది. అంతవరకూ నన్నెవరూ అంత పద్ధతిగా కూర్చోబెట్టలేదు. తరవాత జరగవలసినవన్నీ జరిగాయి. పంతులు లేకుండా, ముహూర్తం లేకుండా రిజిస్టరు ఆఫీసులో పెళ్లి చేసుకుందామని ఇద్దరం అనుకున్నాం. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను దానికి ఒక మెరుగు పెట్టాను. ముహూర్తం లేకపోతే సరిపోదు, సరిగ్గా రాహుకాలంలోనే సంతకాలు పెట్టాలి, జనం చూసి భయం వదులుకోవాలి అన్నాను. "నీకు పెండ్లి కావాల్నా, ఉపన్యాసం కావాల్నా?" అని అడిగింది. "రెండూ" అన్నాను. ఆమె నిట్టూర్చిన తీరు చూసి, ఒప్పుకుందని అనుకున్నాను.

వాళ్లది కార్వేటినగరం దగ్గర పల్లె. మామిడితోట ఉంది. తోటకూ ఇంటికీ పెత్తనం వాళ్ల నాయన తల్లిది, అంటే అవ్వది. అమ్మాయి తల్లిదండ్రులు మంచివాళ్లు, ఏది అడిగినా "మాదేముండాది, అమ్మ ఊ అంటే సరి" అనేవాళ్లు. నేను వెళ్లి అవ్వ ముందు కూర్చున్నాను. ఆమె తాంబూలం నములుతూ నేను చెప్పిందంతా విన్నది. "రిజిస్టరు పెండ్లా? కానీలే, ఖర్చు తగ్గతాది. రాహుకాలంలోనా? ఏంటికి?" అన్నది. నేను చాప మీద సర్దుకుని కూర్చుని, గ్రహణాల దగ్గర మొదలుపెట్టి, రాహువనే గ్రహమే లేదన్న చోటుకు వచ్చేసరికి ఆమె చెయ్యెత్తింది. "సాలు నాయనా. వచ్చే నెల తిరప్తి నుంచి కాశీకి బస్సు పోతాండాది. నాకు తోడు రా. నా సంచీ మొయ్యి. తిరిగొచ్చేలోపల నా మనవరాలిని ఇయ్యాల్నా వద్దా అనేది సెప్తా."

బయటికి రాగానే అమ్మాయి నన్ను పక్కకు లాగింది. "సూడు, అవ్వ నీ నోరే సూస్తాది. మూసుకుంటే పెండ్లి, తెరిస్తే పెటాకులు. కాశీలో ఎవురేం చేసినా నీకనవసరం. అర్థమైందా?" నేను తల ఊపాను. అప్పటికే సాధన మొదలుపెట్టానన్నమాట.

ఆ బస్సు గురించి చెప్పాలంటే అదొక కదిలే సత్రం. పైన వంటసామాను, లోపల భజన, వెనక సీట్లలో ఊరగాయ జాడీలు. బస్సుతోపాటే వంటాయన వస్తాడు కాబట్టి నర్మద దాటినా గంగ దాటినా మావాళ్లకు పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సాంబారు తప్పవు. (భారతదేశమంతా తిరిగొచ్చి ఒక్క ముద్ద కూడా బయట తినని యాత్రికులు మా జిల్లాలో చాలామంది దొరుకుతారు.) నా పని అవ్వ సంచీ, వేన్నీళ్ల ఫ్లాస్కు, మడత స్టూలు మొయ్యడం. నోరు కట్టేసుకున్నాను. కాశీలో ఎన్ని చూశానో అన్నీ మింగేశాను. కానీ నోరు మూసుకున్నవాడికి మొహం మూసుకోవడం చేతకాలేదు. ఒక సాయంత్రం ఘాటు మెట్ల మీద అవ్వ నన్ను తేరిపార చూసి, "నోరు మూసుకోని గూడా ఏంటికి, ఏంటికి అని అడగతానే ఉండావు గదప్పా" అన్నది. బస్సంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు "ఏంటికప్ప" అయిపోయింది. వంటాయన కూడా "ఏంటికప్పకు ఇంకొంచెం సాంబారు పొయ్యండి" అనేవాడు.

గయకు పోయేవాళ్లు తమకు ఇష్టమైన ఒక కూరగాయ, ఒక పండు అక్కడ వదిలేసి రావాలి. మళ్లీ ఈ జన్మలో ముట్టకూడదు. ఇది మావైపు అందరికీ తెలిసిన ఆచారమే. కాశీ నుంచి గయదాకా బస్సులో ఇదే చర్చ. చర్చాసభలు పెట్టినవాడిని, ఇంత లోతైన చర్చ నేనెప్పుడూ వినలేదు. ఒకామె కాకరకాయ వదిలేస్తానంది, ఇంకొకామె పొట్లకాయ. చిత్తూరులో మామిడికాయల మండీ నడిపే ఒక పెద్దమనిషి ఉండేవాడు, అందరికీ మండీమామ. ఆయన చాలాసేపు ఆలోచించి పనసపండు వదిలేశాడు. షుగరని డాక్టరు దాన్ని అప్పటికే మాన్పించాడని ఆయన భార్య వెనక సీటులోంచి గట్టిగా చెప్పింది. ఇష్టమైనదాన్ని వదలాలన్న ఆచారంలో ఇష్టం లేనిదాన్ని ఇంత నేర్పుగా దూర్చినవాళ్లను చూసి నా నాలుక చివర ఒక పూర్తి ఉపన్యాసం తయారైంది. ఫ్లాస్కులో నీళ్లు తాగి దాన్ని లోపలికి తోసేశాను.

గయలో పని ముగించుకుని మధ్యాహ్నం బోధగయ చేరాం. "గుడి సూసి, అంగళ్లు సూసుకోని, పొద్దు గూకకముందే బస్సుకాడికి రావాల" అని బస్సు మేనేజరు కేకపెట్టాడు. నా గుండె లేచింది. ఇన్ని రోజులూ వాళ్ల ఇలాకాలో తిరిగాను, ఇప్పుడు వాళ్లు నా ఇలాకాలోకి వచ్చారు. దేవుడి గురించి అడిగితే మాట దాటేసినవాడు, ఎవరు చెప్పినా పరీక్షించి చూసుకోమన్నవాడు, యజ్ఞాలు వద్దన్నవాడు కూర్చున్న చోటు ఇది. ఇక్కడ నా నోటికి విధించిన నిషేధం చెల్లదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

గుడికి పోయే వీధి మొదట్లోనే నా ఉత్సాహానికి దెబ్బ తగిలింది. కళ్లు మూసుకుని నడిస్తే తిరుపతిలో ఉన్నట్టే ఉంది. రెండు పక్కలా జపమాలలు, బొమ్మలు, రంగుదారాలు, ఉంగరాలు. బుద్ధుడి బొమ్మల్లో పెద్దవి, చిన్నవి, కారు అద్దం ముందు పెట్టుకునేవి. రావి ఆకుల్లో ఈనెలు మాత్రమే మిగిల్చి రంగులు పూసి అమ్మేవాళ్లు, నువ్వులు బెల్లం కలిపి దంచిన తిల్‌కుట్ అమ్మేవాళ్లు, ఉన్ని టోపీలు అమ్మే టిబెట్ వాళ్లు, మధ్యలో గంట కొట్టుకుంటూ బ్యాటరీ రిక్షాలు. కోరికలే దుఃఖానికి మూలమన్నవాడి వాకిట్లో ఇన్ని కోరికలను వరసగా పేర్చి పెట్టారు. మావాళ్లు మాత్రం పుట్టింటికి వచ్చినట్టు అంగళ్లలోకి దూరిపోయారు.

అవ్వ ఒక అంగడి ముందు ఆగింది. కంచు రంగులో మందమైన గిన్నెలు ఉన్నాయి. అంగడాయన ఒక గిన్నెను అరచేతిలో పెట్టుకుని చిన్న కర్రతో తట్టాడు. అది ఓం అన్నట్టు మోగి, ఎంతసేపటికీ ఆగలేదు. అతను కళ్లు మూసుకుని హిందీలో ఏదో చెప్పాడు. అవ్వ తల ఊపింది. "మంచి యాపారస్తుడే. తట్టి సూపిస్తాండాడు, యాడా బీట లేదని." నేను కలగజేసుకుని, "అట్ల కాదవ్వా, అది ధ్యానానికి. ఆ మోత వింటా మనసు నిలుపుకుంటారంట" అన్నాను. అవ్వ నన్ను జాలిగా చూసింది. "ధ్యానానికి గిన్నె ఏంటికప్పా? కూటికైతే గిన్నె కావాల. ఇది సంగటికి బలే ఉంటాది." తరవాత ఆమె తెలుగులో, అతను హిందీలో బేరమాడుకున్నారు. ఇద్దరికీ నేను అక్కర్లేకపోయాను. గిన్నె నా భుజం మీది సంచీలోకి చేరింది.

గుడి దగ్గర సెల్‌ఫోన్లు బయటే పెట్టించుకున్నారు. మెట్లు దిగి, సన్నని ద్వారంలో వరసలో నిలబడ్డాం. ముందు కాషాయ బట్టల భిక్షువులు, తెల్లబట్టల థాయిలాండు యాత్రికులు, వెనక మేము. అంత జనమున్నా చెప్పుకోదగ్గ నిశ్శబ్దం. గర్భగుడిలో బంగారు రంగు బుద్ధుడు, ఒక చెయ్యి నేలను తాకుతూ, సగం మూసిన కళ్లతో ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. నాకు కూడా (ఎందుకు దాచాలి?) చేతులు జోడించాలనిపించింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి తోపుడు వచ్చింది. వరస, తోపుడు, ఎదురుగా బంగారు విగ్రహం. ఈ మూడూ కలిస్తే మా ఊరివాళ్ల నోటి నుంచి వచ్చేది ఒక్కటే. మండీమామ రెండు చేతులూ పైకెత్తి "గోవిందా!" అన్నాడు. బస్సంతా "గో...విందా!" అని అందుకుంది. ఆ రాతిగోడల మధ్య అది పిడుగులా మోగింది. భిక్షువులందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఒక ముసలి భిక్షువు మాత్రం చిరునవ్వు నవ్వి మాకు దారి వదిలాడు. బయటికి రాగానే మండీమామ అడిగిన మొదటి మాట, "లడ్డు కౌంటరు యాడుండాది?"

"ఈడ లడ్డు లేదు మామా" అన్నాను పళ్లు బిగించి.

"హుండీ గూడా చిన్నదే. మన సామే గదా, తొమ్మిదో అవతారం. ఆయప్పకు ఏర్పాట్లు సరింగా చెయ్యలేదు ఈళ్లు."

తొమ్మిదో అవతారం అన్న మాట దగ్గర నా కట్టు తెగింది. అప్పటికి మేం గుడి వెనక, బోధిచెట్టు నీడలోకి వచ్చాం. అవ్వకు స్టూలు వేసి కూర్చోబెట్టి, ఆ పక్కనే నిలబడి మొదలుపెట్టాను. బుద్ధుడు అవతారం కాదన్నాను. మనిషి అన్నాను. మనిషి అని ఒప్పుకోవడానికి మనకు భయమన్నాను. వేడుకోవడం వద్దన్నవాడిని వేడుకుంటున్నారన్నాను. ఆ చెట్టు కూడా అసలుది కాదు, దాని వంశంలోది అన్నాను. ("అట్లయితే మునిమనవడు" అన్నాడు మండీమామ మర్యాదగా.) నా గొంతు మా చర్చాసభ స్థాయికి చేరింది. "గయలో మీరేం వదిలినారు? కాకరకాయ! పొట్లకాయ! డాక్టరు మాన్పించిన పనసపండు! ఈయన రాజ్యాన్ని వదిలినాడు. పెండ్లాన్ని, పసిబిడ్డను వదిలినాడు. ఇష్టం లేనిదాన్ని వదిలితే దాన్ని త్యాగమనరు, చెత్త పారెయ్యడమంటారు!"

అన్నాక గాని తెలియలేదు, ఎంత పని చేశానో. బస్సంతా అవ్వ వైపు చూసింది. నేను కూడా చూశాను. నాయుడుపేట ల్యాబులోని అమ్మాయి మొహం, "పెటాకులు" అన్న మాట, రెండూ ఒకేసారి కళ్లముందు నిలిచాయి.

అవ్వ తన చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, చెట్టు కొమ్మలకు పెట్టిన ఇనప ఊతలను చూస్తూ, "మానుకు గూడా నా మాదిరే కట్టెలు పెట్టిండారు" అని గొణిగింది. తరవాత నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పింది నిజమే అబ్బోడా. నేను బీరకాయ వదిలినా. అది నాకు మొదట్నుంచీ పడదు." నవ్వులు వినపడ్డాయి. "అది సరే. అందురినీ అడిగినావే, నువ్వేం వదిలినావు?"

"నేను అలాంటివి నమ్మను అవ్వా."

"నమ్మొద్దు. నేనొకటి అడగతా, దానికి జవాబు చెప్పు. ముహూర్తానికి పెండ్లి చేసుకునేవాడు ఏం చేస్తాడు?"

"పంచాంగం చూస్తాడు."

"రాహుకాలంలోనే చేసుకుంటా అనేవాడు?"

నేను నోరు తెరిచాను.

"వాడు గూడా క్యాలెండరు సూడాల్సిందే గదప్పా! వాడొక గంట సూసుకుంటాడు, నువ్వొక గంట సూసుకుంటావు. మా ఇంట్లో నా కొడుకు సూడడు, కోడలు సూడదు, పిల్ల సూడదు. నన్ను పక్కన పెడితే అందురిలోకీ పెండ్లికి టైము సూసేవాడివి నువ్వొక్కడివే ఉండావు. నీకుండే రాహుకాలం పిచ్చి మా పంతులుకు గూడా లేదే!"

మండీమామ చప్పట్లు కొట్టాడు. గోవింద కొట్టలేదు, అదే మేలు. భౌతికశాస్త్రంలో గాని, హేతువాదంలో గాని ఆ మాటకు జవాబు ఉందేమోనని నేను చాలాసేపు వెతికాను. ఇప్పటికీ వెతుకుతున్నాను.

"ఇష్టమైందే వదలాలంటివి గదా" అన్నది అవ్వ. "నాకు ముహూర్తమంటే ఇష్టమే. నా మనవరాలికి మంచి లగ్నం పెట్టించాలని ఎప్పుట్నుంచో అనుకుంటా ఉండా. ఈ మాను కింద దాన్ని వదిలేస్తా. నువ్వు రాహుకాలం వదిలేస్తావా?"

నేను చెప్పబోయేలోపల పైనుంచి ఒక రావి ఆకు రాలి, తిరుగుతూ తిరుగుతూ వచ్చి నా నెత్తిన వాలింది. అక్కడి యాత్రికులు చెట్టునుంచి ఆకు దానంతట అది రాలితే ఏరుకుని దాచుకుంటారు. కోయకూడదు కాబట్టి దానికోసం గంటల తరబడి కాచుకుంటారు. నా చుట్టూ ఉన్న విదేశీ యాత్రికులు ఒక్కసారిగా లేచి నాకు దండం పెట్టారు. మా బస్సువాళ్లు కూడా పెట్టారు. "తొడిమె ఎండితే ఆకు రాలుతుంది, భూమ్యాకర్షణ..." అని నేను మొదలుపెట్టాను గాని వినేవాళ్లు లేరు. చెట్టు మొదట్లో తెల్లబట్టలతో కూర్చున్న థాయిలాండు పెద్దావిడ ఒకామె నా చేతిలోని ఆకునే చూస్తూ ఉంది. మేం వచ్చేటప్పటికే ఆమె అక్కడ పైకి చూస్తూ కాచుకుని ఉంది. అవ్వ కూడా చెయ్యి చాపబోయి ఆగింది. నాకు నిజంగా ఆ ఆకు ఉంచుకోవాలనిపించింది. కానీ ఎండుటాకు అని అప్పుడే అన్నవాడిని దాన్ని జేబులో ఎలా పెట్టుకోగలను? నా వాదనే నన్ను పట్టేసింది. వెళ్లి ఆ పెద్దావిడ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, తన భాషలో నన్ను చాలాసేపు దీవించింది. ఆమె ఏమన్నదో అర్థం కాలేదు కాబట్టి ఎదురు వాదించడం కుదరలేదు.

తిరిగి వచ్చేసరికి అవ్వ స్టూలు మీదనుంచి లేచి నిలబడి ఉంది. "ఇష్టమైందే ఇచ్చినావు. నీ మొగంలో తెలిసిపొయ్యింది" అన్నది. "ఊరికి పోతానే ఆ రిజిస్టరు ఆపీసులో ఎప్పుడు ఖాళీ ఉండాదో కనుక్కో. క్యాలెండరు మాత్రం ముట్టుకోవద్దు." రాహుకాలం వదిలేశానని మాట ఇచ్చాను. ఆమె స్టూలు మడిచి నా చేతికిచ్చింది. నేను దాన్ని రాజదండంలా పట్టుకుని బస్సుదాకా నడిచాను.

పెళ్లికి ఆఫీసువాళ్లు ఇచ్చిన తేదీకే వెళ్లాం. ఏ వారమో కూడా నేను పట్టించుకోలేదు. సాక్షులు వచ్చారు, పూలదండలు వచ్చాయి, అమ్మాయి ల్యాబు నుంచి స్నేహితులు వచ్చారు. రిజిస్ట్రారుగారు కుర్చీలోనే ఉన్నారు, పెన్ను మూత తీయడం లేదు. కాసేపు చూసి నేను గుమాస్తాను అడిగాను. అతను నా చెవి దగ్గరికి వంగి, "ఈరోజు శుక్రవారం గదా సార్. రాహుకాలం నడస్తాండాది. పన్నెండు దాటినాక సారు సంతకం పెడతాడు. మీ మంచికే" అన్నాడు.

నా నాలుక చివర కాశీ నుంచి తిరుపతిదాకా పోగైన ఉపన్యాసమంతా ఒక్కసారి లేచి కూర్చుంది. అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను అవ్వ వైపు చూశాను. బోధిచెట్టు కింద మాట ఇచ్చినవాడిని. నోరు మూసుకున్నాను. (నా జీవితంలో అంత బరువైన మౌనం ఇంకొకటి లేదు.) అవ్వ గుమాస్తా మాట విన్నది. గోడ గడియారం చూసింది. బయట వంటాయన (అదే మన బస్సు వంటాయన, అవ్వే పిలిపించింది) అన్నం వార్చేసి కాచుకుని ఉన్నాడు. ఆమె మెల్లగా లేచి రిజిస్ట్రారుగారి బల్ల ముందు నిలబడి, నా పేరు నా దగ్గర్నుంచి లాక్కుని ఆయన మీద వేసింది.

"ఏంటికప్పా?"

ఆయన తెల్లబోయాడు.

"పిల్ల ఇష్టపడింది, పిల్లోడు ఇష్టపడినాడు, నేను ఊ అన్నా. మధ్యలో రాహువు ఎవురు, సంతకం పెట్టేదానికి? అన్నం సల్లారిపోతాండాది. కానీ నాయనా, కానీ."

అలా నేను వదిలేసుకున్న రాహుకాలంలోనే నా పెళ్లి జరిగింది. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఎవరూ భయం వదులుకోలేదు. అందరూ భోజనానికి పరుగెత్తారు.

ఆ మధ్యాహ్నమే అవ్వ మాకు బోధగయ గిన్నె కానుకగా ఇచ్చింది. "సంగటికి పనికిరాలేదు, అంటుకుంటాండాది" అన్నది. "ఏంటికప్ప ఎక్కువ మాట్లాడితే గరిటెతో దీన్ని తట్టు. ఆ మోత ఆగేదాకా నోరు తెరవకూడదు." అది మా ఇంటి చట్టమైంది. అవ్వ ఇప్పుడు లేదు. నేను ఇప్పటికీ వ్యాసాలు రాస్తాను, సభల్లో మాట్లాడతాను, రాహువనే గ్రహం లేదనే అంటాను. భోజనాల దగ్గర వార్తల మీద గొంతు లేచినప్పుడు మాత్రం మా ఆవిడ గరిటె అందుకుంటుంది. గిన్నె మోగుతుంది. ఆ అంగడాయన తట్టి చూపించినట్టే, మోత తొందరగా ఆగదు. అది సన్నబడి సన్నబడి వినపడీ వినపడనట్టయ్యేసరికి నేను అనబోయిన మాట సగం మరిచిపోయి ఉంటాను, అన్నం ఇంకా వేడిగానే ఉంటుంది.